ముల్లు గేజీ

మునగపాక నుంచి ఒకప్పుడు పనికి వచ్చే ఆ డైవర్‌ను అనకాపల్లిలో ఇప్పటికీ పిరికివాడంటున్నారు. ఆ మాట పుట్టించింది నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

నేను అతన్ని బావా అనేవాణ్ణి, అతనూ నన్ను అలాగే. అచ్యుతాపురం అవతల సముద్రంలో దిగి, ఒక కంపెనీ నీటి పైపుల జాలీలు ఇద్దరం శుభ్రం చేసేవాళ్ళం. సిలిండర్‌లో గాలి ఎంతుందో వైర్‌లెస్‌గా మా చేతి వాచీల్లో కనిపించేది. అయినా బావ గాలి కొలిచే ఒక పాత ముల్లు గేజీని కూడా నడుముకు తగిలించుకునేవాడు. దిగేముందు దాన్ని గోటితో రెండుసార్లు కొట్టి చూసేవాడు.

"ఒక్క పెళ్లికి ఇద్దరు పంతుళ్లేటి బావా?" అని నవ్వేవాణ్ణి.

"ఒకడికి గొంతు పోతే రెండోవోడు మంత్రం సదువుతాడు. నవ్వుకో బావా, నవ్వుకో!"

ఒకరోజు అడుగున ఉండగా నా వాచీలో అంకెలు పోయి గీతలు మిగిలాయి. పని సగంలో ఉందని నేను కదల్లేదు. బావ అది చూసి, నా చెయ్యి పట్టుకుని, తన రెండో గాలిగొట్టం నా నోటికి అందించి, నెమ్మదిగా పైకి తెచ్చాడు. పడవలో తన గేజీని నా సిలిండర్‌కు బిగిస్తే ముల్లు సున్నా దగ్గర ఉంది.

ఎందుకు పైకొచ్చేశారని సూపర్‌వైజర్ అడిగాడు.

"బావకి భయమేసింది సార్," అన్నాను.

బావ నావైపు ఒకసారి చూసి, గేజీ విప్పుకున్నాడు. మర్నాటి నుంచి అతన్ని పనికి పిలవలేదు.

వాచీకి అంకెలు పంపే ట్రాన్స్‌మిటర్‌లో బ్యాటరీ మార్చకుండా దిగానని తెలిస్తే పని పోతుందని భయపడింది నేను. బావ కాదు. ఇప్పుడు నా నడుముకూ ముల్లు గేజీ ఉంది. అడ్డంగా ఉంది, తీసెయ్యమంటున్నారు. తియ్యను. నన్నూ పిరికివాడనుకోండి.