కాకికి పెట్టిన ఆరెంజ్ బిస్కెట్టు

నాయన సంవత్సరీకం దగ్గర పడుతున్నప్పుడు, ఒక పొద్దున వంకాయలు తరుగుతూ అమ్మ నన్నొక మాట అడిగింది.

"మీ నాయనకి ఏమంటే ఇష్టం మే? సెప్పు, ఆకులో అదే పెడదాం."

చెబుదామని నోరు తెరిచాను. ఒక్క పేరూ రాలేదు. నలభై ఏళ్లు దగ్గర పడుతున్నదాన్ని, పెళ్లయ్యాక కూడా ఇదే తిరుపతిలో రెండు వీధుల అవతల కాపురం ఉన్నదాన్ని, నాయన తినగా వేలసార్లు చూసినదాన్ని. ఆయనకు ఏది ఇష్టమో నాకు తెలియదు.

"నీకు తెలీదా?" అన్నాను.

"తెలిస్తే నిన్నెందుకు అడుగుతా?" అని అమ్మ కసిరింది. ఆ కసురులో భయం ఉంది. అది ఎందుకో నాకు తెలుసు.

మా వైపు పెద్దలకు పెట్టేటప్పుడు ఫోటో ముందు ఆకు వేసి, పోయిన మనిషి ఇష్టంగా తిన్నవన్నీ వడ్డిస్తారు. అందులోంచి కొంచెం కొంచెం తీసి మిద్దె మీద కాకికి పెడతారు. కాకి ముడితే ఆ మనిషి తృప్తిగా తిన్నట్టు, ముట్టకపోతే మనసులో ఏదో కోరిక మిగిలిపోయినట్టు. నాయన కర్మ రోజున స్వర్ణముఖి ఒడ్డున కాకి రాలేదు. ఎండలో కళ్లు కాయలు కాచేలా చూశాం. చివరికి అయ్యవారు, "ఆవుకు పెట్టేయండి, పరవాలేదు" అన్నాడు. ఆయనకు పరవాలేదు. అమ్మ మాత్రం ఏడాదిగా అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా, "ఏం కావాలనుకున్నాడో ఏమో" అని చెయ్యి ఆపేస్తోంది. సగానికి సగం చిక్కిపోయింది. ఈసారి కూడా కాకి రాకపోతే అమ్మ ఏమైపోతుందోనని అన్నకూ నాకూ దిగులు.

నాయన బస్సు కండక్టరు. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట ఆయన రూటు. నాయుడుపేటలో హైవే పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. డేటు దగ్గరపడిన సరుకంతా అక్కడికి చేరుతుంది. పెద్ద అంగళ్లు వెనక్కి పంపినవి, పండగకు అమ్ముడుపోనివి, అట్టపెట్టె చొట్టపడిందని తీసేసినవి, అన్నీ సగం రేటుకో ఇంకా తక్కువకో ఇస్తారు. బస్సు అక్కడ ఆగి తిరిగి బయలుదేరేలోపు నాయన సంచి నింపుకుని వచ్చేవాడు. మా ఇంటికి దీపావళి మిఠాయి దీపావళి అయిపోయాకే వచ్చేది.

డబ్బు మిగిలేది, కాదనను. అన్న డిప్లొమా, నా డిగ్రీ, మిద్దె మీద గది, అన్నీ అలా మిగిల్చిందే. కానీ మా ఇంట్లో ఏం తినాలో నిర్ణయించేది ఆకలి కాదు, ప్యాకెట్టు వెనక ఉన్న డేటు. వారమంతా సూపు పొడే వస్తే వారమంతా అన్నంలోకి చారు బదులు సూపే. ఒకసారి మయొనైజ్ సీసాలు తెచ్చాడు. అదేమిటో ఎవరికీ తెలియదు. తెల్లగా, పుల్లగా ఉందని అమ్మ పెరుగుపచ్చడి అనుకుని తాలింపు వేసింది. తినలేక తిన్నాం. ఇంకోసారి చీజ్ ముక్కలు తెస్తే వేడి సంగటి ముద్దలో పెట్టింది. అవి కరిగి చేతికీ నోటికీ మధ్య సాగి వేలాడుతుంటే, "నెయ్యి కంటే మేలు" అన్నాడు నాయన. మా అన్న ఆ మాట ఇప్పటికీ ఎగతాళిగా అంటుంటాడు.

అయితే డేటు దాటిన వస్తువును మాత్రం ఇంట్లో ఉంచనిచ్చేవాడు కాదు. అందుకే ఆఖరి రోజున ఇంట్లో ఒకటే హడావుడి. "ఈ పొద్దుతో డేటు అయిపోతాది, రేపంటే పారెయ్యాల్సిందే, వచ్చి తినండి" అని వీధిలోకి వినపడేలా అరిచేవాడు. నా స్నేహితురాళ్లు ఆ అరుపును అనుకరించి నన్ను ఏడిపించేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టుండేది.

సాయంత్రం తడ దగ్గర ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి అన్న వచ్చాడు. ముగ్గురం కూర్చున్నాం.

"ఇన్నేండ్లూ డేటు సరుకే తినినాడు గదమా. ఇప్పుడన్నా కొత్తవి పెడదాం. మంచి అంగట్లో నేతి మిఠాయి తెస్తా" అన్నాడు అన్న.

"పూర్తి రేటు పెట్టి కొనినవి ఆయన ముడతాడా? అలిగి పోతాడు" అంది అమ్మ.

"అయితే డేటు అయిపోయేటివి పెడతామా పెద్దలకి? ఎవురన్నా ఇంటే నవ్వుతారు."

ఇద్దరి మాటా సబబుగానే తోచింది నాకు. అదే నా ఖర్మ. ఆకులో పెట్టేది శుద్ధంగా, తాజాగా ఉండాలి, నిజమే. తాజా సరుకు చూస్తే నాయన మొహం మాడ్చుకుంటాడు, అదీ నిజమే.

"అదంతా తర్వాత. ముందు ఏది ఇష్టమో తేల్చండి" అన్నాను.

"నూడుల్సు ఇష్టం. రెండో మాటు పెట్టించుకునేటోడు" అంది అమ్మ.

"ఆ పొద్దు డేటు అయిపోతాంది గనక" అన్నాడు అన్న.

"మరి జాము? రొట్టె లేకపోయినా నాకేటోడే."

"అది గూడా ఆఖరి పొద్దే."

ఏది చెప్పినా అంతే. నాయన మారు వడ్డించుకున్న ప్రతిదానికీ అది ఆఖరి రోజే. ఇష్టమై తిన్నాడో, పారెయ్యాల్సి వస్తుందని తిన్నాడో ఎవరు చెప్పగలరు?

"ఇంట్లో వండేవాటిలో ఏదో ఒకటి ఉంటుంది కదమ్మా" అన్నాను.

"ఏం వండినా బాగుండాది అనేటోడు. ఒకసారి పప్పులో ఉప్పెయ్యడం మర్సిపోయినా. అప్పుడు గూడా బాగుండాది అనే అనినాడు." అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇన్నేండ్లు వండి పెట్టినా మే. ఆయనకి ఏది ఇష్టమో నాకే తెలీదు."

నా దగ్గర ఒకే ఒక్క ఆధారం ఉంది. ఆరెంజ్ క్రీం బిస్కెట్లు. మిగతావి ఒకవారం వస్తే ఒకవారం రావు. ఇవి మాత్రం తప్పకుండా ప్రతి సంచిలో ఉండేవి. నా పెళ్లయ్యాక కూడా అటుగా వస్తే ప్యాకెట్టు పట్టుకునే వచ్చేవాడు. నాకు ఆ వాసనే పడదు, దగ్గుమందు గుర్తొస్తుంది. చిన్నప్పుడు మొదటిసారి తెచ్చినప్పుడు "బాగుందా?" అని అడిగితే, అంత ఆశగా చూస్తున్న మనిషిని నొప్పించలేక బాగుందన్నాను. ఆ తర్వాత ప్యాకెట్టు తొందరగా అయిపోవాలని సగం బిస్కెట్టు నేను తిని, సగం ఆయన నోట్లో పెట్టేదాన్ని. కళ్లు మూసుకుని నమిలేవాడు. ఆయనకు అవి ఇష్టమని అలా నేనే అనుకున్నాను. కానీ అమ్మ ప్రాణానికి సంబంధించిన విషయం, అనుకుంటే సరిపోదు. ఆ షెడ్డాయన్ని అడిగి రూఢి చేసుకోవాలని మర్నాడే నాయుడుపేట బస్సెక్కాను. దారి పొడవునా కండక్టరు వైపు చూడలేకపోయాను.

షెడ్డు నడిపేది ఒక పెద్దాయన. నాయన "భాయ్" అనేవాడు, మేమూ అదే అనేవాళ్లం. నా మొహం చూడగానే గుర్తుపట్టి స్టూలు వేశాడు. వచ్చిన పని చెప్పాను.

"ఇష్టమా?" అని గడ్డం గోక్కున్నాడు. "ఈడ ఏమీ తినేటోడు కాదమ్మా ఆయన. టీ ఇస్తే తాగేటోడు, అంతే. లోడు దిగే పొద్దు మాత్రం సూడాల ఆయన్ని. డబ్బాలు ఇప్పేదాకా ఆగలేడు. ఒక్కోటి తిరగేసి డేటు సదివి, ఇది సూడు భాయ్, ఇంకా పది దినాలుండాది అని నవ్వేటోడు."

"ఆరెంజ్ బిస్కెట్లు ఇష్టం కదా?"

భాయ్ నా వైపు వింతగా చూశాడు. "ఆయన సంచిలో ఉండేటియ్యి నా సరుకు కాదు బేటీ."

"ప్రతివారం తెచ్చేవాడు."

"తెచ్చేటోడు. ఎదురంగట్లో పూర్తి రేటు పెట్టి కొని, ఈడికొచ్చి ఈ సంచిలో కలిపేటోడు. ఇంట్లో అడిగితే డేటు సరుకే అని సెప్పమనేటోడు. ఎందుకప్పా అంటే, మా పాపకి ఇష్టం, నీ బిస్కెట్లయితే మెత్తబడి ఉంటాయి అనేటోడు."

మొదట నవ్వు వచ్చింది, వెంటనే చెప్పలేనంత కోపం వచ్చింది. జన్మలో పూర్తి రేటుకు ఏదీ కొనని మనిషి, నాకు గిట్టని ఒకే ఒక్క వస్తువును అన్నేళ్లు పూర్తి రేటుకు కొన్నాడు. నేనేమో ఆయనకిష్టమని ఆయన నోట్లో పెట్టాను. మరి ఆయన కళ్లు మూసుకుని నమిలింది ఇష్టమయ్యా, నేను పెట్టాననా? ఉన్న ఒక్క ఆధారమూ పోయింది. ఇంతదూరం వచ్చి, వచ్చినప్పటికంటే తక్కువ తెలిసినదాన్నై లేచాను.

లేచి ఏం చేశానంటే, భాయ్ దగ్గర వెతికించి, సంవత్సరీకం రోజుతో డేటు ముగిసే ఆరెంజ్ బిస్కెట్ల ప్యాకెట్టు ఒకటి కొన్నాను. రోడ్డు దాటి ఎదురంగట్లో తాజాది ఒకటి కొన్నాను. ఎందుకు రెండూ అంటే నాకు తెలియదు. ఏదో ఒకటి నిర్ణయించే ఓపిక లేదు. భాయ్ చెప్పిన మాట ఇంట్లో చెప్పలేదు.

ఆ రోజు ఫోటో ముందు ఆకు నిండిపోయింది. సంగటి, వంకాయ కూర, వడలు, పాయసం, అన్న తెచ్చిన నేతి మిఠాయి, నూడుల్సు, జాము. తాజా ప్యాకెట్టులోంచి ఒక బిస్కెట్టు, డేటు ప్యాకెట్టులోంచి ఒకటి పెట్టాను. అన్నిట్లోంచి కొంచెం తీసి మోదుగాకు విస్తట్లో వేసుకుని మెట్లెక్కేలోపు ఆ రెండు బిస్కెట్లూ అటూ ఇటూ దొర్లి, ఏది ఏదో తెలియకుండా పోయింది.

పిట్టగోడ మీద విస్తరి పెట్టాం, ఏదీ దిగలేదు. కాకులు లేక కాదు. కరెంటు తీగ మీద వరసగా కూర్చుని ఉన్నాయి. అన్న "కా, కా" అని గొంతు పోయేలా పిలిచాడు. ఒక్కటీ కదల్లేదు. పాయసం మీద మీగడ కట్టింది. అమ్మ మొహం చూడాలంటే భయమేసింది, స్వర్ణముఖి ఒడ్డున ఉన్న మొహమే అది. ఆవు ఎక్కడ దొరుకుతుందా అని నేను అప్పుడే వీధిలోకి తొంగి చూస్తున్నాను.

అమ్మ ఒక్కసారిగా పిట్టగోడ దగ్గరకు నడిచి, తీగ వైపు తలెత్తి అరిచింది.

"ఏమయా, ఈ పొద్దుతో డేటు అయిపోతాది! రేపంటే పారెయ్యాల్సిందే! వచ్చి తిను!"

పక్కింటివాళ్లు బయటికొచ్చి చూశారు. నాకు సిగ్గనిపించలేదు.

ఒక కాకి దిగింది. పిట్టగోడ మీద అటూ ఇటూ నడిచి, మిఠాయిని దాటి, పాయసాన్ని దాటి, ఒక బిస్కెట్టును ముక్కుతో లాగింది. గోడమీదే పడేసి, తిరగేసింది. తల వాల్చి చూసింది. అప్పుడు నోట కరుచుకుని ఎగిరిపోయింది.

"తిరగేసి సూసినాడు!" అంది అమ్మ. "సూసినారా మీరు? తిరగేసి సూసినాడు!" మిద్దె మీదే చతికిలబడి, నవ్వుతూ ఏడ్చింది.

"తాజాదే తినింది కాకి" అన్నాడు అన్న కళ్లు తుడుచుకుంటూ.

"పోరా, డేటుదే" అంది అమ్మ.

ఏది తిన్నదో మాలో ఎవరికీ తెలియదు. నాయనకు ఏది ఇష్టమో కూడా తెలియదు, ఇక తెలిసే దారీ లేదు. కానీ అమ్మ ఆ పూట విస్తరి ముందు చెయ్యి ఆపకుండా అన్నం తిన్నది.

తిన్నాక మిద్దె మీద మిగిలిన రెండో బిస్కెట్టు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"తిను మే. నీకు ఇష్టమనే గదా తెచ్చేటోడు."

ఆమెకు ఎంతవరకు తెలుసో అడగలేదు. నోట్లో పెట్టుకున్నాను. అదే దగ్గుమందు వాసన. నమలడం కష్టమైంది. అమ్మ ఎదురుగా నిలబడి ఆశగా చూస్తోంది.

"బాగుండాదా?" అంది.

"బాగుంది" అన్నాను, నాయనకు చెప్పినట్టే.