ఏటి ఒడ్డున అడిగిన మాట

మొన్న ఆదివారం మా బ్రూస్‌పేట చర్చిలో కొత్తగా వచ్చిన పాస్టరయ్య లోబడడం గురించి గంటసేపు చెప్పారు. సంఘంలో పెద్దలకు లోబడాలి, ఇంట్లో భార్య భర్తకు లోబడాలి, ఎవరి చోట వాళ్లుంటేనే ఇల్లయినా సంఘమైనా నిలబడుతుంది అని. ఆడవాళ్ల వైపు కూర్చున్న మేమంతా కొంగులు నెత్తిమీదికి సర్దుకుని బుద్ధిగా తలలూపాం. నాకు మాత్రం ఈ ప్రసంగం ఎప్పుడు విన్నా మా చిన్నమ్మ గుర్తొచ్చి బుర్రంతా గందరగోళమవుతుంది. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నానో లేదో, ఆ చిన్నమ్మే ఫోను చేసింది. ఎందుకు చేసిందో తర్వాత చెప్తాను, ముందు పాత సంగతి చెప్పకపోతే అది అర్థం కాదు.

పదిహేడేళ్లప్పుడు పరీక్ష తప్పి, మా అమ్మ తిట్లు పడలేక, దోణిమలైలో చిన్నమ్మ దగ్గర ఏడాది ఉన్నాను. చిన్నాయన అక్కడి ఇనుప ఖనిజం గనిలో డంపర్ నడిపేవాడు. ఆ ఊళ్లో ఏ బట్ట ఆరేసినా సాయంత్రానికి ఎర్రగా తేలేది. అందుకని చిన్నమ్మ తన తెల్లచీరను వంటింట్లోనే తాడు కట్టి, పోపు వాసనల మధ్య ఆరేసేది. అది బాప్తిస్మం కోసం కొనుక్కున్న చీర. ఒక్కసారీ కట్టకుండానే దుమ్ము పట్టిందని రెండుసార్లు ఉతికింది! ఆమె జబ్బుపడి ఆస్పత్రిలో ఉన్నప్పుడు పక్క క్వార్టర్సు ఆమె రోజూ వచ్చి ప్రార్థన చేసిందట, అప్పటినుంచీ చిన్నమ్మకు చర్చి మీద మనసు. చిన్నాయనకు దేవుడితో పేచీ లేదు, పేచీ అంతా అక్కడి పాస్టరుతోనే. తన ఇంటి ఆడమనిషి ఇంకో మగాడి మాట వినడమేమిటని ఆయన బాధ.

అసలు చిక్కు ఇక్కడే. భర్త నమ్మనివాడైనా సరే, ఎదురు చెప్పకుండా లోబడి ఉంటే ఆ సాత్వికం చూసి అతనే మారతాడని పాస్టరయ్య నేర్పించారు. చిన్నమ్మ అక్షరాలా అలాగే చేసింది. ఈ వారం పోవద్దని చిన్నాయన అంటే మానేసింది. అలా నాలుగు ఆదివారాలు. ఐదో వారం పాస్టరయ్య నుంచి కబురొచ్చింది, కూడికలకు రానివాళ్ల పేరు బాప్తిస్మం పట్టీలో ఉండదు, సంఘం మాటకు లోబడడం నేర్చుకోవాలి అని. పాపం, ఆయన చెప్పినట్టు విన్నందుకే ఆయన మాట వినలేదన్న పేరొచ్చింది. చిన్నమ్మ రొట్టె తడుతున్న చేతులాపి నన్నడిగింది.

"నువ్వు సదువుకున్న పిల్లవి గదా, ఎవురి మాట ఇనల్లో చెప్పు పాపా."

పరీక్ష తప్పిన నన్ను అడగడం! తెలియదంటే పోయేది. పెద్ద తెలివి చూపించాలని నేరుగా చిన్నాయన దగ్గరికి పోయి, నీ మాటే వినాలని వాళ్ల పాస్టరే చెప్పాడు, అందుకే ఇన్ని వారాలూ ఇంట్లో కూర్చుంది అని చెప్పేశాను.

చిన్నాయన చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. తర్వాత చిన్నమ్మను పిలిచాడు. "అట్లయితే నేనే చెప్తాండా. సుమ్నె, ఊరికే ఇంట్లో కూకోవద్దు, పొయ్యి ఆ నీళ్లలో మునిగి రా," అన్నాడు. ఆ గొంతులో ఉన్నది ప్రేమో, పాస్టరు మీద గెలిచానన్న సంతోషమో నాకు ఇప్పటికీ తెలియదు. నేనైతే ఘనకార్యం చేశానని మురిసిపోయాను. భర్తే పంపుతున్నాడని తెలిసి పాస్టరయ్య ఆమె పేరు పట్టీలో ఉంచారు. చిన్నమ్మ మాత్రం బాప్తిస్మానికి మిగిలిన రెండు రోజులూ రొట్టెలు మాడ్చింది.

చిన్నాయన రాలేదు, సంఘం వాళ్లతో కలిసి మేమిద్దరం టెంపోలో కంప్లి దగ్గర తుంగభద్రకు పోయాం. పాస్టరయ్య నడుములోతు నీళ్లలో నిలబడి, సొంత ఇష్టంతోనే వచ్చావా అని ఒక్కొక్కరినీ అడుగుతున్నారు. అవునన్నవాళ్లు మునిగి లేస్తున్నారు. చిన్నమ్మ వంతొచ్చింది. మోకాళ్లదాకా దిగి ఆగిపోయింది. ఆయన రెండోసారి అడిగారు. ఒడ్డున పాడుతున్నవాళ్లు పాట ఆపేశారు.

"తెలీదయ్యా," అంది చిన్నమ్మ. "మీరు రమ్మంటిరి, ఇంట్లో ఆయప్ప పొమ్మనె. నా ఇష్టం యాడుండాదో ఎతికితే దొరకలా."

అవునని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. ఆమె వెనక్కి తిరిగి ఒడ్డెక్కింది. పాస్టరయ్య కోప్పడలేదు, పిలవనూ లేదు. తర్వాతివాళ్లను నీళ్లలోకి రమ్మన్నారు. నా తెలివి వల్లే ఇట్లా అయిందని దారి పొడుగునా ఏడ్చాను. చిన్నాయన జరిగింది విన్నాడు. ఆ తర్వాత ఏ ఆదివారమూ ఆమెను పోవద్దనలేదు, పొమ్మనీ అనలేదు. ఆమె పోతూనే ఉంది. బాప్తిస్మం లేనివాళ్లు ప్రభువు బల్లలో చెయ్యి వెయ్యకూడదు గనుక, రొట్టె పళ్లెం తన ముందుకొచ్చిన ప్రతిసారీ పక్కామెకు అందించేసేది.

మొన్న ఫోనులో చెప్పింది, వచ్చే ఆదివారం బాప్తిస్మానికి ఏట్లో దిగుతున్నానని, నన్ను రమ్మని. చిన్నాయన పోయి ఆరేళ్లయింది. ఆ పాస్టరయ్యా ఇప్పుడు లేరు. ఈ వయసులో దిగమని ఎవరు చెప్పారు చిన్నమ్మా అని అడిగాను.

"ఎవురూ చెప్పలేదు పాపా," అంది. "అందుకే బయంగా ఉండాది."

కంచంలో అన్నం చల్లారిపోయింది. ఏటి ఒడ్డున అడిగిన ఒక్క మాటకు జవాబు దొరకడానికి చిన్నమ్మకు, పదిహేడేళ్ల నేను అరవైకి వచ్చేంత కాలం పట్టింది. మొన్న చర్చిలో అందరితోపాటు తలూపిన నాకు ఇంకెంత కాలం పడుతుందో.