జింక బండి బావగారు

మా బావగారు పోయారండి. మొన్న చలి తగ్గేముందు, పొద్దున్నే పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారంట. నేనప్పుడే కొట్టు తెరిచి మెట్లమీద నీళ్లు చల్లుతున్నాను. పుట్టింటికెళ్లిన మా కోడలు తణుకు నించి ఫోన్ చేసింది. "మావయ్యగారూ, నాన్న లెగట్లేదండీ" అంది. "ఆ పేపరు చదివితే ఎవరికైనా నిద్రొస్తుందమ్మా" అన్నాను. నా నోరు అలాంటిది. అవతల పిల్ల ఏడుపు వినపడ్డాక గానీ సంగతి బుర్రకెక్కలేదు.

బావగారంటే మా వియ్యంకుడు. మావాడికి వాళ్లమ్మాయినిచ్చారు. కానీ మా పరిచయం ఆ పెళ్లికంటే పాతది. జింక బండి వల్ల వచ్చిన పరిచయం.

కాస్త వయసున్నవాళ్లకి జింక బండి గుర్తుండే ఉంటుంది. కంపెనీవోళ్లు పెట్టిన పేరు మన నోటికి తిరగలేదు. బానెట్ ముందు ఎగురుతున్న జింక బొమ్మ ఉండేది, అంచేత మన గోదావరి జిల్లాల్లో అందరికీ అది జింక బండే అయిపోయింది. చిన్న కారైతే వియ్యాలవారి ముందు చిన్నతనం, పెద్ద కారైతే ఊళ్లో నలుగురి కళ్లూ పడతాయని భయం. అలా మధ్యలో ఇరుక్కున్న మాలాంటివాళ్ల కోసం చేసిన బండి అది. ఓ టైములో రైసుమిల్లు ముందు చూసినా అదే, డాక్టరుగారి ఇంటిముందు చూసినా అదే, భీమవరం పక్క రొయ్యల చెరువు గట్టుమీద చూసినా అదే నిలబడి ఉండేది.

రెండు జిల్లాలకీ దాన్ని అమ్మింది మా బావగారు. తణుకు మెయిన్‌రోడ్డులో షోరూము. పైన ట్యూబులైట్లతో పెద్ద జింక. బస్సులో వచ్చేవాళ్లు ముందు పంచదార ఫ్యాక్టరీ వాసన పట్టేవారు, తరవాత ఆ జింకని చూసి తణుకొచ్చేసిందని సంచులు సర్దుకునేవారు.

బండి అప్పజెప్పేటప్పుడు ఆయనకో అలవాటుండేది. నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టించి, తాళాలు చేతిలో పెట్టేముందు బానెట్ మీద అరచెయ్యి ఆనించి, "నేనున్నంతకాలం ఈ బండి ఆగదండి" అనేవారు. ఎవరికిచ్చినా అదే మాట. నాకూ అదే చెప్పారు. అప్పటికింకా వియ్యం లేదు కదా, "ఆగితే మీరొచ్చి తోస్తారేంటి షావుకారుగారూ" అన్నాను.

"ఆయ్, తోస్తాను" అన్నారు. నవ్వలేదు.

నా వేళాకోళానికి నవ్వకుండా, కోపమూ తెచ్చుకోకుండా జవాబు చెప్పిన మొదటి మనిషి ఆయన. బానెట్ మీద చెయ్యి ఆనించి ఆయనిచ్చిన మాటలో రెండో సగమే మేమంతా విన్నాం. మొదటి సగం ఎవరూ పట్టించుకోలేదు.

పిల్లల పెళ్లయ్యాక నాకు ఇంకా తేలికైపోయింది. బావగారనే వరస ఉంటే నోటికి తాళం అక్కర్లేదు కదండీ. తణుకు వెళ్లినప్పుడల్లా షోరూములో కూర్చుని, బండి కొనడానికొచ్చినవాళ్ల ముందే, "దీనికి మైలేజీ కంటే మా బావగారి మాటలే ఎక్కువండి" అనేవాణ్ణి. ఆయన టీ తెప్పించి, "ఈయన మాటలు కూడా కంపెనీ ఫిట్టింగేనండి, విడిగా ఛార్జీ లేదు" అనేవారు. కొనేవాళ్లు నవ్వుకుంటూ సంతకం పెట్టేసేవారు.

ఆ వ్యాపారం దిగడం ఎప్పుడు మొదలైందో నేను చెప్పలేను. ముందు టీవీలో ప్రకటన ఆగింది. తరవాత కంపెనీ నించి టై కట్టుకుని వచ్చే కుర్రాళ్లు రావడం మానేశారు. కొత్త మోడల్ వస్తుందన్నారు. ఫొటో వచ్చింది, బండి రాలేదు. షోరూములో బండ్లు పల్చబడ్డాయి. ఆ ఖాళీ కనపడకుండా బావగారు మధ్యలో కుర్చీలు వేయించారు, పూలకుండీలు పెట్టించారు. ఓ సాయంత్రం వెళ్లేసరికి పైన జింకకి వెనకకాలు వెలగట్లేదు.

"బావగారూ, మీ జింక కుంటుతుందండి."

"రేపు బాగుచేయిస్తానండి."

మళ్లీ వెళ్లేసరికి రెండో కాలు కూడా ఆరిపోయింది. తరవాత నడుము. తరవాత మెడ దాకా. ఆఖరికి తల ఒక్కటే వెలిగేది. మొండెం లేకుండా చీకట్లో వేలాడుతున్న ఆ తలని చూసి బస్సులో ఆడవాళ్లు పిల్లల కళ్లు మూసేవారంట. ఇది నేను కల్పించిందే లెండి. కళ్లు మూసుకోవాలనిపించింది మాత్రం నాకే.

తరవాత ఓ పొద్దున పేపర్లో మూలగా చిన్న ముక్క పడింది. జింక బండ్లు చెయ్యడం ఆపేస్తున్నామని. నేను కొట్టు మావాడికి అప్పజెప్పి తణుకు వెళ్లాను. బావగారు కుండీలకి నీళ్లు పోస్తున్నారు. లోపల ఫోన్ మోగుతూనే ఉంది.

"ఇప్పుడేంటండీ బావగారూ" అన్నాను.

"ఇప్పుడేవుందండీ. బండ్లు చెయ్యడం ఆపేరు. రోడ్డుమీద బండ్లు ఆగలేదు కదా."

షోరూము సెల్‌ఫోన్ల కొట్టయిపోయింది. బావగారు తన సొంత జింక బండి, బిస్కెట్ రంగుది, ఇంటి వెనక షెడ్డులో పెట్టి కవరు తొడిగేశారు. "డాక్టరు డ్రైవింగు వద్దన్నాడండి" అని ఆటోల్లో, బస్సుల్లో తిరిగేవారు. "కార్లమ్మిన మనిషి బస్సుకి చెయ్యెత్తుతుంటే చూడ్డానికి బాగుందండి" అన్నాను. "బస్సుకి కూడా ఎవరో ఒకరు చెయ్యెత్తాలి కదండీ" అన్నారు.

ఆ తరవాతే జనం ఇంటికి రావడం మొదలెట్టారు. కంపెనీ మూసేశాక పార్టులు దొరకవు కదా. పాలకొల్లు డాక్టరుగారికి రేడియేటరు పోయింది. ఉండి ఊరి దగ్గర రొయ్యల రైతుకి సెల్ఫు మోటారు పోయింది. అందరూ తిరిగి తిరిగి ఆఖరికి బావగారి గుమ్మం ఎక్కేవారు. ఆయన కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "కాకినాడలో మనవాళ్ల గోడౌన్‌లో ఉందండి. తెప్పిస్తాను" అనేవారు. నాలుగు రోజులు పోయాక పార్టు వచ్చేది. పాత పేపర్లో చుట్టి, దారం కట్టి, శుభ్రంగా గ్రీజు రాసి. ఖరీదు అడిగితే, "అమ్మినప్పుడే తీసుకున్నాను కదండీ" అనేవారు.

నాకు ఆ గోడౌన్ మీద కన్ను పడింది. "నన్నూ తీసుకెళ్లండి బావగారూ, గోడౌన్ చూసి, కాజాలు తిని వద్దాం" అన్నాను.

"మిమ్మల్ని కాపలావాడు లోపలికి రానివ్వడండి. మీ నోటి సంగతి కాకినాడ దాకా తెలిసిపోయింది."

నవ్వేశాను. అలా నవ్వించి పంపించేశారని అప్పుడు తెలీలేదు.

ఓసారి నా బండికి వైపరు మోటారు తెప్పించారు. మా పెనుగొండ మెకానిక్కు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది వాడిందండి" అన్నాడు. మర్నాడే తణుకెళ్లి అందరిముందూ అంటించాను. "ముసలి పెళ్లికొడుక్కి రంగేసి నాకు అంటగట్టారేంటండీ బావగారూ" అని. అందరూ నవ్వారు. ఆయన లోపలికెళ్లి కాళ్లు కడుక్కుని వచ్చారు. నా మాటకి ఆయన దగ్గర బదులు లేకపోవడం అదే మొదటిసారి. ఎందుకో నా నవ్వు కూడా మధ్యలోనే ఆగిపోయింది.

ఇంకోసారి వానాకాలంలో వెళ్లాను. చేతులు కడుక్కోడానికి పెరట్లోకెళ్తే షెడ్డులో కవరు కప్పిన బండి కనపడింది. అంత వానలోనూ దాని చుట్టూ నేల పొడిగా ఉంది, కొత్తగా కారిన నూనె మరకలున్నాయి. కదలని బండి నూనె ఎందుకు కక్కుతుందండీ? "ఏంటి బావగారూ, దీన్ని ముసుగేసి పెళ్లికూతురిలా దాచారు, ఓసారి మొహం చూడనివ్వండి" అని ఇంట్లోకి కేకేసి కవరు అంచు పట్టుకున్నాను.

ఆయన ఎప్పుడొచ్చారో తెలీదు. నా మణికట్టు పట్టుకున్నారు. చెయ్యి చల్లగా ఉంది, గట్టిగా ఉంది. "వద్దండి. దుమ్ము రేగుద్ది" అన్నారు. వానలో దుమ్మేంటండీ అని నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేశాను. నేను మాట మింగానని మా ఇంట్లో చెప్తే ఎవరూ నమ్మలేదు.

పోయినేడు నా బండికి గేదె అడ్డొచ్చింది. గేదెకేం కాలేదు గానీ ముందు రెండు లైట్లూ పోయాయి. బావగారికి చెప్పాను. ఈసారి కాకినాడ అనలేదు. "పంపిస్తానండి" అన్నారు. పంపలేదు, తనే బస్సెక్కి తెచ్చారు, ఒళ్లో పెట్టుకుని. మెకానిక్కు బిగిస్తుంటే పక్కనే నిలబడ్డారు. రెండూ వెలిగాక వాటి ముందుకెళ్లి కాసేపు చూస్తూ ఉండిపోయారు.

"కళ్లు పోతాయండి బావగారూ, అలా చూడకండి" అన్నాను.

"గోడౌన్ ఖాళీ అయిపోయిందండి. ఇకమీద జాగ్రత్తగా నడపండి" అన్నారు.

ఆ తరవాత నేను విన్న కబురు, మొదట చెప్పిన ఫోనే.

దినాలకి జింక బండ్లవాళ్లంతా వచ్చారు. అంతా అంటే ఎంతమందండీ, మిగిలింది నలుగురైదుగురం. రోడ్డువార బండ్లు వరసగా పెట్టుకుని, ఒకరి బండి ఒకరు చూసుకుంటూ, ఎవరిది ఇంకెన్నాళ్లు నడుస్తుందో లెక్కలేసుకుంటున్నట్టు నిలబడ్డాం. భోజనాలయ్యాక చెల్లెమ్మ, అంటే మా వియ్యపురాలు, నన్ను పెరట్లోకి పిలిచింది. వెనకాలే డాక్టరుగారూ, రొయ్యల రైతూ కూడా వచ్చారు.

"అన్నయ్యగారూ, పాత ఇనుము కొనేవాళ్ల ట్రాక్టరు వస్తుంది. కవరు తియ్యండి" అంది.

తీశాను.

పెంకు ఉందండి. బిస్కెట్ రంగు పెంకు ఒక్కటీ, ఇటుకల మీద. ఇంజను లేదు. చక్రాలు లేవు, స్టీరింగు లేదు, సీట్లు లేవు. డోరు అద్దాలుండాల్సిన చోట కవరు లోపలికి జారకుండా వెదురుబద్దలు కట్టి ఉన్నాయి. ముందు లైట్లుండాల్సిన చోట రెండు గుంటలు. ఆ రెండు గుంటల మధ్యన, పైన, జింక బొమ్మ మాత్రం తుడిచినట్టు మెరుస్తుంది.

డాక్టరుగారు వంగి, రేడియేటరు ఉండాల్సిన ఖాళీలో చెయ్యి పెట్టి, చెయ్యి అక్కడే ఉంచేశారు. రొయ్యల రైతు, "కాకినాడన్నారు కదండీ" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలీదు.

"నీకు తెలుసా చెల్లెమ్మా" అన్నాను.

"ఒక్కో పార్టూ విప్పుతుంటే పానాలందించింది నేనేనండి. ఎందుకండీ ఇదంతా, కంపెనీయే చేతులెత్తేసింది కదా అంటే, అమ్మిన చెయ్యి నాది, కంపెనీది కాదు అనేవారు. బండి ఎవరికీ చూపించొద్దన్నారు." కవరు మడతపెడుతూ, "మీకైతే అస్సలు చెప్పొద్దన్నారు అన్నయ్యగారూ. మీరు దానిమీద జోకేస్తే తట్టుకోలేనన్నారు" అంది.

నేను జోకెయ్యలేదండి.

డాక్టరుగారు బయల్దేరబోతే ఆయన బండి అక్కడే, ఆ వీధిలోనే, స్టార్టవ్వలేదు. అందరం కలిసి తోశాం. కొంచెం దూరం వెళ్లి ఆగింది. మళ్లీ తోశాం. మళ్లీ ఆగింది. ఆగితే తోస్తానన్న మనిషి లేరు. ఆయన ఇచ్చిన మాటకి మొదటి సగం కూడా ఉందని మా అందరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది. డాక్టరుగారు బండి తాళాలు జేబులో వేసుకుని బస్టాండుకి నడిచారు.

నేను బయల్దేరేసరికి పొద్దు వాలింది. కాలవగట్టు రోడ్డెక్కాక నా ముందు ట్రాక్టరు కనపడింది. దాని వెనక ట్రక్కులో మా బావగారి బండి, వెనక్కి తిరిగి, నాకేసి మొహం పెట్టి వెళ్తుంది. దాటి వెళ్లడానికి దారి లేదు. లైట్లేశాను. ఆ వెలుగు సూటిగా వెళ్లి ఆ రెండు గుంటల్లో పడింది, ఆ లైట్లు ఊడొచ్చిన చోటే. మధ్యన జింక ఎగురుతానే ఉంది.

నా బండి ముందు చక్రంలో ఎక్కడో టక్కుమని శబ్దం మొదలైంది. ఏంటో అడగడానికి తణుకులో మనిషి లేరు. అలాగే దాని వెనకాల వెళ్తున్నాను. పెనుగొండ దారిలో మార్టేరు ఇంకా రాకముందే ఎడమ లైటు ఓసారి ఆరింది. ఎదురుగా ఓ గుంట చీకటైపోయింది. కాసేపటికి మళ్లీ వెలిగింది.