గుమ్మఘట్టలో నా నవలకు రెండో ముగింపు

వేసవి సెలవుల్లో నేను గుమ్మఘట్ట వెళ్లడానికి కారణం ఒక పోస్టుకార్డు. అక్కడి గ్రంథాలయం చూసుకునే హనుమంతప్ప రాశాడు: "అయ్యా, మీ డిటెక్టివు నవల మా ప్రతిలో చివరి పదహారు పేజీలు లేవు. మా ఊరి దూదేకుల మాబున్ని అనే ఆమె ఆ పేజీలు తానే రాసి కుట్టింది. రెండేళ్లుగా ఊరంతా అదే చదివింది. మొన్న పూర్తి ప్రతి వచ్చింది. మీ హంతకుడు వేరే. ఊరు రెండు పక్షాలైంది. తమరు వచ్చి ఏది నిజమో చెప్పవలెను."

నేను గుంతకల్లులో బడిపంతులును. తీరిక వేళల్లో నవలలు రాస్తాను. కార్డు చదివి మొదట నవ్వాను, తర్వాత కోపం వచ్చింది. నా హంతకుణ్ణి మార్చడానికి ఈమె ఎవరు?

ఉదయం ఆరున్నరకు బండెక్కి బళ్ళారిలో దిగాను. రాయదుర్గం బండికి గంటన్నర వ్యవధి ఉంది. స్టేషను బయట ఇడ్లీ, కాఫీ అయ్యాయి. హోటలాయన కొత్త పైసలు వద్దని మొండికేసి పాత అణాలే పుచ్చుకున్నాడు. రాయదుర్గం బండి చిన్నది, నిదానమైనది. దారి పొడవునా ఎర్రనేల, గుండ్రాళ్ల గుట్టలు, ఎండిన వంకలు. నా ఎదుట కంబళ్ల మూటతో ఒక ముసలాయన కూర్చున్నాడు.

"యాడికి పోతాండావప్పా?"

"గుమ్మఘట్టకు. ఒక పుస్తకం పని మీద."

"ఆడ తాగేదానికే నీళ్లు ల్యావు, పుస్తకాలు యాడివి?" అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

పన్నెండు దాటాక రాయదుర్గం చేరాం. రెండింటి బస్సు రెండున్నరకు కదిలింది. టికెట్టు కన్నడంలో అడిగిన మనిషే చోటు కోసం తెలుగులో పోట్లాడాడు. మూడున్నరకు గుమ్మఘట్టలో దిగాను.

గ్రంథాలయమంటే ఒక వసారా, రెండు బీరువాలు. హనుమంతప్ప మజ్జిగ ఇచ్చి, నవల ప్రతులు రెండూ నా ముందు పెట్టాడు.

తెలియనివారికి కథ క్లుప్తంగా చెబుతాను. బంగళాలో ఒక ముసలి ఆసామి మందులో కలిసిన విషం వల్ల చనిపోతాడు. అనుమానం తమ్ముడి కొడుకు మీద, డాక్టరు మీద, గుమాస్తా మీద. నా ముగింపులో హంతకుడు ఆసామి కవల సోదరుడు. చివరి అధ్యాయంలో రంగూను నుంచి దిగుతాడు. మాబున్ని ముగింపులో హంతకురాలు ఆసామి విధవ చెల్లెలు.

అలాంటి మనిషిని రాసినట్టే నాకు గుర్తు లేదు. పేజీలు వెనక్కి తిప్పాను. ప్రతి అధ్యాయంలోనూ ఆమె వచ్చినవాళ్లకు కాఫీ పెట్టి పోయింది. ఒక్క మాట మాట్లాడలేదు. మందుల బీరువా తాళంచెవి ఆమె నడుముకే ఉంది. ఆమె భూమి ఆసామి పేరు మీదికి మారిందని ఐదో అధ్యాయంలో నేనే ఊరికే రాసి వదిలేశాను. మాబున్ని దాన్ని వదల్లేదు.

"ఆమె ఎక్కడ?" అని అడిగాను.

"ఇంట్లోనే ఉండాది సార్. ముందంతా శుక్రవారం శుక్రవారం ఆడోళ్లకు ఈడ పుస్తకం చదివి వినిపిస్తాండె. పూర్తి ప్రతి వచ్చినాక 'అబద్ధం రాసినావు' అని జనం నవ్వినారు. అప్పట్నించి ఈ పక్కకే రాలేదు."

ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. ఇంటి ముందు చప్పరం కింద ఆమె భర్త దూది ఏకుతున్నాడు. ముప్పై ఏళ్ల మాబున్ని పరుపు కుడుతోంది. నేనెవరో హనుమంతప్ప చెప్పగానే సూది పక్కన పెట్టి లేచింది.

"తప్పు రాసినానా అయివారూ?"

"ఊరోళ్ల నవ్వులు చాలు సార్, ఆమెను వదిలేయండి," అన్నాడు భర్త తల ఎత్తకుండా.

నవల నాది, నేను రాసిందే నిజం. ఆ మాట నోటిదాకా వచ్చింది. దానికి బదులు, "ఆమేనని నీకెట్ల తెలిసింది?" అని అడిగాను.

"అన్ని దినాలు నోరు తెరవకుండా ఉండాదే, కడుపులో ఏమో పెట్టుకోని ఉంటాది అనుకున్యా. మీరే దాచినారనుకున్యా."

"నేను దాచలేదమ్మా. నాకామె కనబడలేదు."

ఆమె భర్త దూది ఏకడం ఆపి నా వైపు చూశాడు.

ఐదున్నరకు గ్రంథాలయం ముందు ముప్పైమంది దాకా చేరారు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. హంతకుడెవరో చివరిదాకా నాకే తెలియదు, ప్రచురణకర్త తొందరపెట్టాడు, కవల సోదరుణ్ణి రెండు రోజుల్లో పుట్టించాను. మాబున్ని రాసిందే సరైన ముగింపు. నా పక్షానికి పెద్ద అయిన రైతు వీరన్న లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా, మూడు వారాలు నీ తరఫున కొట్లాడినా! నువ్వే ఓడిపోతే నా గతేంగాను?"

అందరూ నవ్వారు. ఈసారి ఆ నవ్వు మాబున్ని మీద కాదు. ఆడవాళ్ల వెనక నిలబడ్డ ఆమెను హనుమంతప్ప ముందుకు పిలిచి పుస్తకం చేతికిచ్చాడు. ఆమె తాను రాసిన పేజీలు తీసి మొదట గబగబా చదివింది. ఆసామి చెల్లెలు మొదటిసారి మాట్లాడే చోటికి వచ్చేసరికి నిదానంగా చదవసాగింది. తలమీద దూది దులుపుకోకుండానే వచ్చిన భర్త చివరిదాకా నిలబడి విన్నాడు.

మలి ముద్రణలో ఆ పేజీలు ఆమె పేరుతో వేయమని ప్రచురణకర్తకు రాస్తానని, ఆమెకిష్టమేనా అని అడిగాను.

"ఏయండి అయివారూ. దూదేకుల మాబున్ని, గుమ్మఘట్ట అని పూర్తిగా ఏయండి. లేకుంటే ఇంకో ఊరి మాబున్ని నాదేనంటాది."

ఆ రాత్రి హనుమంతప్ప ఇంట్లో జొన్నరొట్టె, ఉల్లికారం తిని పడుకున్నాను. తెల్లవారి పదహారు పేజీలూ నా చేత్తో నకలు రాసుకుని, పది గంటల బస్సుకు బయలుదేరాను. ఆ దారిన వెళ్లేవారు తాగే నీళ్లు వెంట తీసుకుపోవడం మంచిది.

రాయదుర్గంలో బండెక్కి ఆ పేజీలు మళ్లీ చదివాను. పదేళ్లుగా రాస్తున్న నాకు అలాంటి ఒక్క వాక్యమైనా రాయడం చేతకాదనిపించింది. అసూయ కలిగింది. బళ్ళారిలో బండి మారేసరికి తగ్గుతుందనుకున్నాను. గుంతకల్లులో దిగినా తగ్గలేదు. స్టేషనులోనే బల్ల మీద కూర్చుని ప్రచురణకర్తకు ఉత్తరం రాసి, ఆమె పేరు, ఊరి పేరు రెండుసార్లు సరిచూసుకుని, పోస్టు చేశాకే ఇంటికి వెళ్లాను.