పలకల బుట్ట, ఊపిరి సంచి

మదరాసు నుంచి వచ్చిన ఆయన పేరు నేను అడగలేదు. మార్కాపురం రోడ్డు స్టేషన్లో ఇద్దరం ఆలస్యమైన బండి కోసం కూర్చున్నాం. ఆయన దగ్గర రబ్బరు గుడ్డతో కుట్టిన పెద్ద సంచి, దానికో గొట్టం ఉన్నాయి. మనిషి పని చేస్తూ వదిలే ఊపిరిని అందులో పట్టి కొలిస్తే, ఒంట్లో ఎంత తిండి ఖర్చయిందో అంచనా కట్టవచ్చునన్నాడు.

పక్కనున్న రైతు పెద్దాయనను ఊదమని అడిగితే, "ఎవరెవరో నోట్లో పెట్టుకున్న ఎంగిలి గొట్టం నాకేంది సామీ" అని మొహం తిప్పుకున్నాడు. వేడినీళ్లలో కడిగానని చెప్పినా వినలేదు.

బండికెక్కించే పలకల బుట్టలు మోస్తున్న కూలి మనిషి ఒకామె అది విని నవ్వింది.

"మాకు ఎంగిలేంది నాయనా, ఇట్ల తే."

ఆయన సంచిని ఆమె వీపుకు కట్టి, గొట్టం నోటికిచ్చి, ముక్కుకు క్లిప్పు పెట్టాడు. తలమీద బుట్టతో ప్లాట్‌ఫారం ఆ చివరికి పోయి వచ్చేసరికి సంచి నిండు చూలాలి కడుపులా ఉబ్బింది. కంటికి కనబడని ఊపిరి అంత చోటు పడుతుందని నాకు అంతవరకు తెలియదు. తాకి చూశాను. వెచ్చగా ఉంది.

ఆయన ఆ గాలిని మీటరు గుండా పంపి, లెక్క వేసుకున్నాడు.

"పొద్దస్తమానం ఇలా మోస్తే నీకు రోజుకు మూడు పెద్ద సంగటి ముద్దలు కావాలమ్మా."

"నేను తినేది ఒకటే గదా నాయనా. మరి తక్కిన బలం యాడనుంచి వచ్చినట్టు?"

ఆయన చూపు ఎముకలు తేలిన ఆమె భుజాల మీద ఆగింది.

ఆమె అప్పటికే ఇంకో బుట్ట ఎత్తుకుంది. ఈసారి వీపున సంచి లేదు. అయినా ఆమె ఊపిరి నాకు కనబడుతూనే ఉంది.