తలుపుకి లోపలివైపు పసుపు తువ్వాలు

ఆ తువ్వాలు తీయించింది మీరే. ఖతార్‌లో, అల్ ఖోర్‌లోని మా పాత బిల్డింగ్ తెలుగువాళ్ళు, ఇప్పుడు మన సంఘం సంచిక తిరగేస్తున్న మీరు. మా బిల్డింగ్‌లో లేనివాళ్ళు తప్పించుకున్నామనుకోకండి. మీ బిల్డింగ్‌లో అయినా అదే జరిగేది.

మా ఎదురింటి అక్క పోయింది. బుధవారం పడిపోయింది, తలుపు తెరిచింది శుక్రవారం. ఉద్యోగం మారి నేను దోహా వచ్చేశాక ప్రతి శుక్రవారం ఆవిడకు ఫోన్ చేసేవాణ్ణి. ఆ రోజు ఎత్తలేదు. కారు తీసుకుని వెళ్ళాను. వాచ్‌మన్‌ని అడిగితే "మాలూమ్ మాఫీ సార్, మేడమ్ ఛుట్టీ మే హై" అన్నాడు, తనకేం తెలీదని, మేడమ్ సెలవులో ఉందని. జలుబని సెలవు పెట్టింది కనక ఆఫీసువాళ్ళూ వెతకలేదు. పోలీసులు వచ్చి తెరిపించారు. గుండెపోటు అన్నాడు డాక్టరు. పడిన వెంటనే ప్రాణం పోయి ఉండదని కూడా అన్నాడు. ఆ మాట నాకు మింగుడుపడటం లేదు. అందుకే మీ ముందు కక్కుతున్నాను.

ఆవిడది వరంగల్. పెళ్ళయి జపాన్ వెళ్ళింది, ఒసాకాలో సగం జీవితం గడిపింది, భర్త అక్కడే పోయాడు. గ్యాస్ కంపెనీలో జపాన్ ఇంజనీర్లకు దుబాసీగా అల్ ఖోర్ వచ్చింది. జపాన్ ఎలా ఉంటుందండీ అని అడిగినవాళ్ళకు పూలచెట్ల కబుర్లు దొరికేవి కావు. "రైల్ల పక్కోని భుజం నీ భుజానికి తగుల్తది తమ్మీ, మాట మాత్రం తగలదు" అనేది. వెంటనే వాళ్ళ తరఫున వాదించేది కూడా. "అయినా ఒంటిగ తినేటోళ్ళకు ఆడ మర్యాదగ ఒక కుర్చీ ఉంటది. ఈడ నేనొక్కదాన్నే హోటల్‌కు పోతే, ఫ్యామిలీ సెక్షన్లనా, బయటనా, ఏడ కూసోపెట్టాల్నో వానికి సమజ్ కాదు."

మా అమ్మాయి, ఆ అంతస్తు పిల్లలంతా జపాన్ కార్టూన్ల పిచ్చివాళ్ళు. శనివారాలు ఆవిడ సోఫా మీదే చేరేవాళ్ళు. కత్తియుద్ధాలు నడుస్తున్నంతసేపూ ఆవిడ వంటింట్లో ఉండేది. బొమ్మల్లో ఎవరైనా ఇంటికొచ్చే ఘట్టం రాగానే గరిటెతో సహా పరుగెత్తుకొచ్చేది. "ఆగుండ్రి, గిది సూడుండ్రి!" గుమ్మంలో బూట్లు విడుస్తూ ఆ బొమ్మ "తదైమా" అంటుంది, వచ్చేశానని. లోపల్నుంచి ఇంకో గొంతు "ఒకాయెరి" అంటుంది, వచ్చావా అని. "కత్తులు గిత్తులు ఉత్తయే. ఇల్లంటె గీ రెండు మాటలే" అనేది.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి తాళం తీస్తూ ఆవిడ ఖాళీ ఇంటికి "తదైమా" అనడం మా హాల్లోకి వినపడేది.

"ఎవరికి చెప్తున్నావక్కా?" అని అడిగాను ఒకసారి.

"గోడకు. అది గుడ పొద్దటిసంది ఒక్కతే ఉంటది గదా, పాపం."

ఆ దేశం మీద ఆవిడకు భ్రమల్లేవు. పక్కింట్లో ముసలివాళ్ళు పోయినా రోజుల తరబడి తెలియని పేటలున్నాయని ఆవిడే చెప్పింది. అందుకే కొన్నిచోట్ల ఒంటరివాళ్ళు లేవగానే ఇంటిముందు పసుపు జెండా కడతారట, బాగున్నానని గుర్తుగా. చీకటి పడ్డాక తీసేస్తారు. పొద్దున కనపడకపోయినా, రాత్రి అలాగే ఉండిపోయినా పొరుగువాళ్ళు వచ్చి తలుపు కొడతారు. జెండాకి బదులు ఆవిడ ఒక పసుపు తువ్వాలు తలుపు హ్యాండిల్‌కి బయట వేలాడదీసి, మన ఇళ్ళన్నీ తిరిగి చెప్పింది: "తేడా కొడితే ఒక్కపారి బెల్లు గొట్టుండ్రి. బతికుంటె ఛాయ్ పోస్త."

మీరేం చేశారు? వరలక్ష్మీ వ్రతం మీటింగ్‌లో ప్రసాదాల కంటే ముందు ఆ తువ్వాలు మీద పడ్డారు.

"భర్త పోయినావిడ గుమ్మానికి పసుపు బట్టేంటండీ? పేరంటానికొచ్చేవాళ్ళకి ఎదురుగా అదా కనపడేది?" అంది ఒకావిడ.

"పోనీ నీలం కట్టుకోమనండి" అని ఒకాయన రాజీ కుదిర్చాడు. అందరూ నవ్వారు.

సంఘం పెద్దాయన తీర్పు చెప్పాడు. "జపాన్‌లో మనిషికి మనిషి పట్టడు కనక జెండాలు. మనది కలివిడి సంస్కృతి. మనకా ఖర్మేంటండీ?"

"అంత కలివిడైతే ఆవిణ్ణి పేరంటానికి పిలిచారా?" అని అరిచాను.

"మీరు ప్రతిదాంట్లోకీ రాజకీయాలు తెస్తారు సార్" అన్నారు.

తెస్తాను. జపాన్‌వాళ్ళకు రోగం ఉంది. ఉందని ఒప్పుకుని ఒక గుడ్డముక్కతో మందు కనిపెట్టారు. మనం రోగాన్ని సంస్కృతి అని పిలుచుకుని, మందు పట్టుకొచ్చిన మనిషి బొట్టు వైపు చూశాం.

మర్నాడే తువ్వాలు మాయమైంది. మళ్ళీ కట్టమని పోరాను. "పోనియ్ తమ్మీ. జగడం పెట్టుకొని కడితే, దాన్ని జూసి ఎవలు బెల్లు గొడ్తరు?" అంది.

పోలీసుల వెనక నేను లోపలికి అడుగు పెట్టినప్పుడు, తువ్వాలు తలుపుకి లోపలివైపు వేలాడుతోంది. ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. మీరు వద్దన్నాక కూడా రోజూ కట్టుకుంటూనే ఉందన్నమాట, ఎవరికీ కనపడకుండా. బుధవారం పొద్దున కట్టింది. సాయంత్రం తీయడానికి లేవలేదు. మీకూ దానికీ మధ్య ఒక చెక్క తలుపు మందం.

మీ వాట్సాప్ గ్రూపులో జోడించిన చేతుల బొమ్మలు ఇంకా పడుతూనే ఉన్నాయి. అన్ని చేతుల్లో ఒక్క వేలు బెల్లు మీద పడలేదు.

సంతాప సభ వద్దు. నాకు కావలసినవి ఇవి.

పేరంటం పిలుపుల్లో భర్త ఉన్నాడా అనే ఆరా ఎత్తేయండి.

మీ అంతస్తులో ఒంటరిగా ఉండే మనిషి పేరు కనుక్కోండి. మీ వంటింటి పక్క గదిలో పడుకునే పనావిడకూ ఆ లెక్క వర్తిస్తుంది.

ప్రతి తలుపుకీ, ముత్తయిదువల తలుపులతో సహా, బయటివైపు ఒక పసుపు గుడ్డ కట్టండి.

రాత్రి అది ఇంకా కనపడితే బెల్లు కొట్టండి.

ఆ ఫ్లాట్‌లోకి ఎవరో ఒకరు వస్తారు. సాయంత్రం తాళం తీస్తున్న చప్పుడు వినపడితే, మీ తలుపు తీసి, "వచ్చారా" అనండి.