ఎర్రబడిన కలబంద

మా ఆయన చనిపోయిన ఏడాది, గుమ్మానికి తలకిందులుగా వేలాడే కలబందను దించి నేనే పెరటి ఇసుకలో నాటాను. ఎండలు ముదిరేసరికి ఆకులు ఇటుక రంగుకు తిరిగాయి. నా చెయ్యి తగిలినందుకే అలా అయిందని మా అత్త తేల్చేసింది. మూడేళ్ల నా కూతుర్ని కూడా ముట్టుకోవద్దంది. నేనూ నమ్మాను, ఏం చెప్పను.

ఒకరోజు నేను నెల్లూరికి బయలుదేరుతుంటే ఆ మొక్కను పీకించి, దారిలో కాలవలో పారేయమంది. అప్పట్లో మా ఊరికి రోజుకు రెండే బస్సులు. మొక్కను ఒళ్లో పెట్టుకుని, కాలవ ఎప్పుడొస్తుందా అని కిటికీలోంచి తొంగి చూస్తూనే ఉన్నాను.

పక్కన బురఖాలో ఒక పెద్దావిడ. "ఏందమ్మా, చీమలు కుట్టినట్టు అట్ట కదలతా ఉండావు?" అంది.

అంతా చెప్పాను. ఆమె పై ఆకును పక్కకు వంచింది. దాని నీడ పడినంత మేర కింది ఆకు పచ్చగానే ఉంది.

"నీ చెయ్యి దీనికీ తగిలిందే, ఇదెందుకు ఎర్రబడలా? ఎండ తగిలిన కాడే రంగు మారింది. నీడన పెట్టు, మళ్లా పచ్చబడతాది. మీ అత్తని కూడా కాసేపు నీడన కూర్చోబెట్టు."

కాలవ దాటిపోయింది. మొక్క నా ఒళ్లోనే ఉంది.

ఇంటికి రాగానే కూతుర్ని మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని తల దువ్వాను. అత్త వాకిట్లోంచి చూస్తూ ఉంది. దువ్వెన చిక్కులో పడింది.

"నొప్పిమా, మెల్లిగా," అని పిల్ల విసుక్కుంది.

నేను ఆపలేదు.